పొట్లం విప్పే ముందు

ఒరేయ్ శీనూ,

పెద్దమ్మ మోకాళ్ల నొప్పులకని చైనాటౌన్ మూలికల కొట్లో పొట్లాలు కట్టించుకొచ్చావట. ఎలా కాచాలని అడిగావు. ఫోన్లో చెబితే సగం ఎగిరిపోతుంది, అందుకే రాస్తున్నా. పొయ్యి పక్కన పెట్టుకో.

ముందు చీటీ సంగతి చూడు. అందులో ఏమేం వేశారో చైనీస్‌లోనూ, లాటిన్‌లోనూ పేర్లు రాయించుకో. పెద్దమ్మ గుండెకి రక్తం పలచబరిచే వార్ఫరిన్ మాత్ర వేసుకుంటోంది కదరా. డాన్‌షెన్, డాంగ్‌గుయ్ వేర్లు ఆ మాత్రతో కలిస్తే రక్తస్రావం దాకా పోవచ్చు. అతిమధురం, చైనావాళ్ల గాన్‌సావో, ఎన్నో మందుల్లో పడుతుంది. అది ఎక్కువ మోతాదులో రోజుల తరబడి తాగితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. ఆ చీటీ ఆవిడ డాక్టరు చూసేదాకా ఒక్క గుక్క కూడా పట్టించకు.

నాకు అసలు భయం ఫూజీ గురించి. మన వసనాభి జాతి వేరు అది, కీళ్ల నొప్పుల మందుల్లో వాడతారు. మీ శాన్‌ఫ్రాన్సిస్కోలోనే 2017లో చైనాటౌన్ కొట్లో కొన్న మూలికల టీ తాగి ఇద్దరు ఆసుపత్రి పాలయ్యారు, వాళ్లలో ఒకావిడ చనిపోయింది. కారణం ఈ జాతి విషమే. అందులోని అకోనిటిన్ గుండె లయనే తప్పిస్తుంది. అందుకే వైద్యులు శుద్ధి చేసిన వేరునే తీసుకుని, మిగతావి వెయ్యకముందే దాన్ని విడిగా గంటకు పైగా మరిగిస్తారు. ఆ మరుగులోనే విషం విరిగి చాలావరకు తగ్గుతుంది. నా మాటగా విను, చీటీలో ఫూజీ గానీ, అదే జాతి వేర్లయిన చువాన్‌వూ, సావోవూ గానీ ఏది కనిపించినా ఇంట్లో కాచొద్దు. ఎప్పుడైనా తాగాక పెదవులు, నాలుక తిమ్మిరెక్కితే ఆలోచించకుండా 911కి ఫోన్ చెయ్యి.

పేర్లని ఎందుకింత పట్టుబడుతున్నానంటావా? 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే మందులో ఫాంగ్‌జీ అనే వేరు బదులు అలాంటి పేరే ఉన్న గ్వాంగ్‌ఫాంగ్‌జీ పడింది. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం ఎంతోమంది ఆడవాళ్ల మూత్రపిండాల్ని తినేసింది. ఫాంగ్‌జీ కీళ్ల మందుల్లోనూ పడుతుంది మరి.

డాక్టరు సరేనంటే, ఇక కాచడం పెద్ద పనేం కాదు. మట్టి కుండ మేలు, స్టీలు గిన్నె పర్లేదు. ఇనుము, రాగి, అల్యూమినియం వద్దు, మూలికల్లోని వగరు వాటితో కలుస్తుంది. చన్నీళ్లలో అరగంట నానబెట్టు, మూలికల పైన రెండు వేళ్ల నీళ్లుండాలి. పెద్ద మంట మీద పొంగు రానిచ్చి, సెగ తగ్గించి అరగంట. నురగ ముందు తెల్లగా ఉండి తర్వాత గోధుమరంగులోకి తిరుగుతుంది, ఇల్లంతా సెలరీ లాంటి వాసనొస్తే అందులో డాంగ్‌గుయ్ ఉన్నట్టే! వడకట్టి, అదే పిప్పికి కాసిని నీళ్లు పోసి మళ్లీ ఇరవై నిమిషాలు. మన కషాయంలా నాలుగో వంతుకి ఇగరబెట్టడం కాదు, రెండు కాపులూ కలిపేసి సగం పొద్దున, సగం రాత్రి. లేకపోతే ఒక పూట చిక్కగా, ఒక పూట పలచగా పడుతుంది.

పొట్లంలో ఇంకో చిన్న పొట్లం విడిగా ఉంటే అది ఊరికే పెట్టింది కాదు. బోహె అనే పుదీనా ఆఖరి అయిదు నిమిషాల్లోనే వెయ్యాలి, లేకపోతే దాని నూనె ఆవిరైపోతుంది. ఆల్చిప్పల్లాంటివుంటే అన్నిటికన్నా ముందు అరగంట మరగాలి. చెచియాన్‌జీ గింజలు గుడ్డలో మూటకట్టకపోతే జిగురై అడుగంటుతాయి. అడుగంటిన కషాయం మాత్రం నీళ్లు పోసి సర్దకుండా పారబొయ్యి. వేడి అన్నిటికీ పనికిరాదని చైనా శాస్త్రవేత్త తు యూయూ చూపించింది కదా! చింగ్‌హావొ అనే మొక్కని నీళ్లలో నానబెట్టి పిండమని పాత గ్రంథంలో చదివి, తక్కువ వేడిలో సారం తీసింది. మలేరియా మందు ఆర్టెమిసినిన్ అలా దొరికింది, 2015లో నోబెల్ వచ్చింది.

కాచింది ఫ్రిజ్‌లో పెట్టు, రోజు దాటితే తాగించొద్దు. కొట్టువాడి మాట మీద వెళ్లకు, కాలిఫోర్నియాలో లైసెన్సున్న ఆక్యుపంక్చర్ వైద్యులు మూలికలు రాస్తారు, పెద్దమ్మని వాళ్ల దగ్గరికి తీసుకెళ్లు. చీటీ ఫోటో ఇవాళే పంపు. ఇక్కడ సింగపూర్లో నాకు తెలిసిన రిజిస్టర్డ్ వైద్యురాలికి చూపించి, ఏ పేరు దేనిదో రేపు రాస్తా. అప్పటిదాకా పొట్లాలు అలాగే ఉంచు.

నీ,
రాము