ఆ పిల్లాడికి ఎలా ఉందో రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది విజయవాడ, అజిత్‌సింగ్‌నగర్. మా అమ్మకి ఎనభై ఒకటి. మొన్నమొన్నటి దాకా మీ పేపర్ తనే చదువుకునేది, ఇప్పుడు చూపు ఆనడం లేదు, అందుకని పొద్దున్నే కాఫీ తాగాక నేను చదివి వినిపిస్తాను. మొదటి పేజీ తనకి అక్కర్లేదు. "జిల్లా పేజీ తియ్యవే" అంటుంది. లారీ గుద్దిన వార్త, కాలువలో పడిన వార్త, గ్యాస్ బండ పేలిన వార్త, పురుగుమందు తాగిన కౌలు రైతు వార్త, ఇవే చదివించుకుంటుంది. చదవడం అయ్యాక పేరూ ఊరూ ఇంకోసారి చెప్పించుకుని తన రూళ్ళ పుస్తకంలో నాతో రాయిస్తుంది. మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి ఆ పేర్లు ఒక్కొక్కటే పలికి ప్రార్థన చేస్తుంది. ముప్పై ఏళ్ళు దాటింది ఈ పని మొదలుపెట్టి. మా క్రైస్తవులు దీన్ని విజ్ఞాపన ప్రార్థన అంటారు, అంటే నా అవసరం పక్కనపెట్టి ఇంకొకరి తరఫున దేవుడి ముందు నిలబడి అడగడం. వార్తలో వేసిన మనిషి తర్వాత ఏమయ్యాడో కూడా వెయ్యమని మీకు చిన్న మనవి, దానికోసమే ఈ ఉత్తరం. అయితే ఈ ప్రార్థన అంటే ఏమిటో చెప్పకుండా ఆ మనవి చేస్తే అర్థం కాదు కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ఆ పుస్తకంలో మూడు గడులు ఉంటాయి. పేరు ఒకటి, తేదీ ఒకటి, మూడోది ఖాళీ. ఆ మనిషికి ఏమైందో తెలిసినప్పుడు మూడో గడిలో రాస్తాం. ఇంటికొచ్చాడు, ఉద్యోగం దొరికింది, తాగుడు మానాడు, చనిపోయాడు, ఇలా. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చినప్పుడు కింద గదిలో ట్రంకుపెట్టెలో ఉన్న పాత పుస్తకాలన్నీ తడిసిపోయాయి. నీళ్ళు తీశాక మేడ మీద ఆరబెట్టి, అంటుకుపోయిన పేజీలని ఇస్త్రీపెట్టె తక్కువ వేడి మీద పెట్టి ఒక్కొక్కటీ విడదీశాను. బాల్‌పెన్నుతో రాసినవి నిలిచాయి, ఇంకుపెన్నుతో రాసినవి నీలం మరకలై కూర్చున్నాయి. అమ్మ ఆ మరకల్ని కూడా వదల్లేదు. "ఇదేదో పేరే, నాకు గుర్తు రావడం లేదు. ప్రభువా, నీకు తెలుసు కదా" అని మరక మీద వేలు పెట్టి ప్రార్థన చేసింది. నేను పక్కనే ఉన్నాను. అప్పటిదాకా ఇదంతా అమ్మకి పొద్దుపోయే పని అనుకునేదాన్ని. ఆ రోజు తర్వాత అలా అనుకోలేకపోయాను.

ఇప్పుడు మా సంఘాల్లో, అంటే చర్చిల్లో, ఏం జరుగుతోందో చెబుతాను, కొందరికి కోపం వచ్చినా సరే. వాట్సాప్ గ్రూపులో ఎవరో "ప్రేయర్ రిక్వెస్ట్, మా బాబాయికి స్ట్రోక్ వచ్చింది, ఐసీయూలో ఉన్నారు" అని పెడతారు. పది నిమిషాల్లో నలభై చేతులు జోడించిన బొమ్మలు, ఇరవై ఆమేన్‌లు. నేనూ పెట్టేదాన్ని. ఒకసారి అలా పెట్టిన మూడో రోజున ఆ ఇంటి ఆవిడ గుడి బయట కనిపించి "ప్రార్థన చేస్తున్నారు కదా అక్కా" అంది. అవునన్నాను. అబద్ధం. ఆ బొమ్మ నొక్కిన క్షణం తర్వాత ఆయన సంగతి నాకు గుర్తే లేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది, మీ ప్రార్థనల మీదే ఉన్నాం అని. ఇంటికొచ్చి అమ్మకి చెబితే తిట్టలేదు, బైబిల్లో సమూయేలు ప్రవక్త మాట ఒకటి గుర్తుచేసింది. మీ కోసం ప్రార్థన చెయ్యడం మానేస్తే అది దేవుడికి విరోధంగా నేను చేసిన పాపం అవుతుంది అంటాడు ఆయన, తనని వద్దనుకుని రాజు కావాలన్న జనంతో. ప్రార్థన చెయ్యకపోవడం పాపమని నేను అంతవరకు ఎన్నడూ అనుకోలేదు, మహా అయితే బద్ధకం అనుకునేదాన్ని.

ఇలాంటి ప్రార్థన అంటే నాకు ఒంగోలు గుర్తొస్తుంది. అక్కడ ప్రార్థన కొండ చూసిన వాళ్ళు మీ పాఠకుల్లో చాలామందే ఉంటారు. 1854 జనవరి 1న తెల్లవారకముందే అమెరికా మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, జూలియా అనే స్త్రీ, ఇంకొక ఇద్దరు, అంతా కలిపి ఐదుగురు ఆ కొండెక్కి కింద కనిపిస్తున్న పల్లెల కోసం మోకరించారు. వాళ్ళ మిషన్ అప్పటికే మూసేద్దామా అని అమెరికాలో ఆలోచిస్తున్న పరిస్థితి, చేతిలో ఉన్న విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఈ ఊరికి ఒక మనిషిని పంపు అని అడిగారు. వాళ్ళు అడిగిన ఆ మనిషి, క్లౌ దొర, ఒంగోలు వచ్చి కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ళు! మనం మూడు శుక్రవారాలు ఉపవాసముండి నాలుగో శుక్రవారం దేవుడి మీద అలుగుతాం.

ఆ కథలో నాకు ఇంకా ఇష్టమైన భాగం తర్వాత ఉంది. 1876–78 కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలి ఇప్పించాడు. కరువు సాయం నడుస్తున్నంతకాలం బాప్తిస్మాలు, అంటే నీళ్ళలో ముంచి క్రైస్తవుల్లో చేర్చుకోవడం, ఆపేశాడు, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఆ పెద్ద అంకే చెబుతారు. నాకైతే ఆ చీకట్లో కొండెక్కిన ఐదుగురు, ఆ కాలువ గట్టున పార పట్టిన వాళ్ళకి లెక్కకట్టి కూలి ఇచ్చిన రోజులు, ఈ రెండూ ఒకటే ప్రార్థన అనిపిస్తాయి.

ఎందుకంటే మా ఇంట్లో అలాగే జరిగింది. మా సందు చివర ఆటో నడిపే అతని కూతురికి గుండెలో రంధ్రం అని తేలినప్పుడు అమ్మ ఆ పాప పేరు రాసుకుంది. నాలుగో రోజు ప్రార్థన మధ్యలో ఆపి నన్ను లేపింది. "నువ్వు టీచరువి కదే, ఫారాలు నింపడం నీకు తెలుసు, వాళ్ళకి తెలీదు, వెళ్ళు" అంది. ఆరోగ్యశ్రీ కాగితాల కోసం ఆ పాప తల్లితో ఎన్నిసార్లు తిరిగానో. ఆపరేషన్ అయింది, ఇప్పుడు ఆ అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ఇది దేవుడు చేశాడా, డాక్టర్లు చేశారా అని మా తమ్ముడి కొడుకు వాదిస్తాడు. అమ్మ ఆ డాక్టర్ల చేతుల కోసం కూడా ప్రార్థన చేసిందిరా అంటాను, నాకు ఈ రెంటికీ మధ్య తగువు కనపడదు. మా అమ్మ పుట్టిందే గుంటూరు కుగ్లర్ ఆస్పత్రిలో. అమెరికా నుంచి 1883లో వచ్చిన అన్నా కుగ్లర్ డాక్టరమ్మ మోకాళ్ళూనుతూనే మందులిచ్చింది, 1898లో ఆస్పత్రి తెరిచింది. అందుకే ఒక కూడికలో ఎవరో స్టేజీ ఎక్కి ఇన్సులిన్ మానెయ్యండి, విశ్వాసం ఉంటే చాలు అంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత కానుక కవరులో పెట్టండి, మీ పేరు ప్రత్యేకంగా ప్రార్థిస్తాం అనేవాళ్ళని చూసినా అంతే. ఎదుటివాడి బరువు మొయ్యడానికి రేటు కడతారా?

వరద రోజుల్లోకి మళ్ళీ వస్తాను. పక్కింటి వాళ్ళకీ మాకూ ఆరేళ్ళుగా మాటల్లేవు. వాళ్ళ మేడ మీద వాన నీళ్ళ గొట్టం మా గోడ వైపు తిప్పారు, గోడ నానిపోయింది, నేను అరిచాను, వాళ్ళూ అరిచారు. అమ్మ పుస్తకంలో "పక్కింటివారు, మనకీ వాళ్ళకీ సమాధానం" అని రాయించింది, నా చేత్తోనే. రోజూ వాళ్ళ పిల్లల పేర్లు ఎత్తి ప్రార్థన చేసేది, పక్క గదిలో నాకు వినపడేలా. మొదట్లో చిరాకు. తర్వాత తర్వాత పెద్దపిల్లకి పరీక్షలని, ఆయనకి వెన్నునొప్పని నాకు తెలుస్తూ ఉండేది. మాట్లాడని మనుషుల కష్టాలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. అలా తెలిశాక పాత కోపం అంత గట్టిగా నిలవదండీ. సెప్టెంబర్ 1న వాళ్ళ ఇల్లు సగానికి మునిగింది, మాది మేడ ఉన్న ఇల్లు. నేనే గోడ దగ్గరికి వెళ్ళి "పైకి రండి వదినా" అన్నాను. ఆరేళ్ళ తర్వాత మొదటి మాట అది. రెండు కుటుంబాలం తొమ్మిదిమందిమి, కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఉన్న రెండు టిన్నుల మంచినీళ్ళు గ్లాసులతో కొలుచుకుని తాగాం. బోటు మీద వచ్చిన కుర్రాళ్ళు పాల ప్యాకెట్లు విసిరితే వాళ్ళ చిన్నదానికి ముందు ఇచ్చాం. సర్వం పోగొట్టుకున్న యోబు తన స్నేహితుల కోసం ప్రార్థన చేసినప్పుడు దేవుడు అతని స్థితిని మార్చాడని బైబిల్లో ఉంది. ఆ స్నేహితులు అతన్ని ఎంత నొప్పించారో చదివిన వాళ్ళకి తెలుసు. ఆ మాట ఎందుకు అక్కడ ఉందో నాకు మా మేడ మీద అర్థమైంది.

బుడమేరు కట్టకి పడిన గండ్లు మూడూ సెప్టెంబర్ 7కి పూడ్చారు, ఆర్మీ వాళ్ళు కూడా దిగి రాళ్ళు వేశారు. అది విన్నప్పుడు అమ్మ యెహెజ్కేలు ప్రవక్త మాట ఎత్తింది, బద్దలైన సందులలో నిలుచుటకు తగినవాడి కోసం దేవుడు వెతికితే ఒక్కడూ కనబడలేదని. గండి అంటే ఏమిటో కళ్ళారా చూసిన ఊరు మాది. ఆ వాక్యం ఇప్పుడు మా వీధిలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

అడిగినవన్నీ జరిగాయా అంటే లేదు. 2021 మేలో మా తమ్ముడు కొవిడ్‌తో పోయాడు. సంఘమంతా గొలుసు ప్రార్థన పెట్టింది, గంటకొకరు చొప్పున పగలూ రాత్రీ. ఆక్సిజన్ తొంభైకి వచ్చిందంటే స్తోత్రం అన్నాం, ఎనభైకి పడిందంటే నేల మీద పడ్డాం. పదకొండో రోజున పోయాడు. నేను రెండు నెలలు గుడికి వెళ్ళలేదు. అమ్మ మూడో గడిలో "ప్రభువు దగ్గరకు" అని తనే రాసుకుంది, అక్షరాలు వంకర పోయాయి. దాని కింద మర్నాడే ఇంకో పేరు రాసింది. తమ్ముడికి ఆఖర్న ఫోను పట్టుకుని మా అందరి ముఖాలు చూపించిన నర్సమ్మది. ఆ పిల్లకి జబ్బు రాకూడదని రోజూ అడిగేది. నా ప్రశ్నకి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు, బైబిల్లో అపొస్తలుడు పౌలు మూడుసార్లు వేడుకున్నా తన ఒంట్లోని ముల్లు పోలేదన్న చోటే నేనూ ఆగిపోతాను. కానీ కొడుకు పోయిన మర్నాడు పరాయి పిల్ల పేరు రాయగలగడం అనే బలం మా అమ్మకి ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం నాకు తెలుసు.

ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవానికి గుణదల కొండ మెట్లు ఎక్కే లక్షలమందికీ మాకూ కొన్ని నమ్మకాల్లో తేడాలున్నాయి, అవి అలాగే ఉన్నాయి. నాకోసం నువ్వు అడుగు అని ఒకరినొకరం బతిమాలుకోవడంలో మాత్రం తేడా లేదు.

ఇక మనవి. ప్రమాదం జరిగిన రోజు మీరు పేరు, వయసు, ఊరు వేస్తారు, "పరిస్థితి విషమం" అని ముగిస్తారు. ఆ తర్వాత ఆ మనిషి ఏమయ్యాడో రాయరు. చోటు ఉండదని తెలుసు, కొత్త ప్రమాదాలు వస్తూనే ఉంటాయనీ తెలుసు. వారానికి ఒక్కసారి జిల్లా పేజీలో నాలుగు లైన్లు చాలు, ఫలానా వారు కోలుకుని ఇంటికి వెళ్ళారు, ఫలానా వారు ఇంకా ఆస్పత్రిలో ఉన్నారు అని. మా అమ్మలాంటి వాళ్ళు విజయవాడలో, గుంటూరులో ఎంతమంది తెల్లవారుజామున మీ పేపర్‌లోని పేర్లు పట్టుకుని కూర్చుంటారో మీకు తెలియకపోవచ్చు. వాళ్ళకే కాదు, నాలాగా ఊరికే చదివేసేవాళ్ళకీ అది మంచిదే.

నున్న రోడ్డులో సైకిల్ మీద బడికి వెళ్తూ ట్రాక్టర్ కింద పడిన ఆరో తరగతి పిల్లాడి వార్త వేశారు, రెండు నెలలవుతోంది. అతని పేరు ఎదురుగా మూడో గడి ఖాళీగా ఉంది. ఈ పొద్దున కూడా పేపర్ మడుస్తుంటే అమ్మ అడిగింది, "వాడి సంగతేమైనా వేశారా?" అని. లేదన్నాను. "సరే, రేపు మళ్ళీ చూడు" అంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ