‘వైరస్‌ను చంపే మందు’ అని రాయకండి

సంపాదకులకు నమస్కారం.

కిడ్నీ మార్పిడి తర్వాత మా చిన్నాన్నకు, అలాంటి రోగులకు ప్రమాదకరమయ్యే సీఎంవీ (సైటోమెగలోవైరస్) రాకుండా వాల్‌గాన్‌సైక్లోవిర్ అనే యాంటీవైరల్ మందు ఇచ్చారు, దాంతోపాటు తరచూ రక్తపరీక్ష చేయించుకోమన్నారు. ‘ఇది వైరస్‌ను చంపే మందని పేపర్లోనే వేశారు కదమ్మా, మరి నాకెందుకీ సూదులు?’ అని ఆయన పరీక్షలు మానేశారు. మూడో వారానికి తెల్లకణాలు పడిపోయాయి. మోతాదు తగ్గించాక కోలుకున్నారు.

జీవశాస్త్రం చెప్పేదాన్ని కనుక మీకు రాయకుండా ఉండలేకపోతున్నాను. యాంటీవైరల్ మందుల్లో చాలావరకు వైరస్‌ను చంపవు, దాని సంతతి పెరగకుండా అడ్డుకుంటాయి. అదీ మన కణం లోపలే. అందుకే ఆ కణం గతి ఏమవుతుందన్నది అసలు ప్రశ్న.

కణానికి తనంతట తాను చనిపోయే ఏర్పాటుంది. 1972లో దానికి అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. మైక్రోస్కోపులో చూస్తే కణం ముడుచుకుంటుంది, పైపొర బుడగలు బుడగలుగా ఉబ్బుతుంది, కేంద్రకం ముక్కలవుతుంది. వైరస్ సోకిన కణం ఇలా పోతే ఒంటికి మేలే. హెచ్‌ఐవీలో మాత్రం రోగనిరోధక శక్తికి కీలకమైన సీడీ4 అనే తెల్లకణాలు అదుపు లేకుండా చనిపోతుంటాయి. మందులు వైరస్‌ను అణిచాక ఆ చావులు తగ్గి, ఆ కణాల కౌంట్ పెరుగుతుంది. ఇది మందులు చేసే గొప్ప మేలు, గట్టిగా చెప్పాల్సిందే.

అయితే యాంటీవైరల్ మందుల్లో కొన్ని, వైరస్ తన జన్యువుకు నకలు తీసుకునేటప్పుడు అందులో చొరబడి ఆ పనిని అడ్డుకునే నకిలీ జన్యు అక్షరాలు. అవి ఒక్కోసారి మన కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా జన్యువులోనూ దూరతాయి. కణం చావుబతుకులు తేల్చడంలో మైటోకాండ్రియాదే పెద్ద పాత్ర. 1993లో హెపటైటిస్-బికి ఇలాంటి మందే అయిన ఫియాలురిడిన్‌ను పరీక్షించినప్పుడు, తీసుకున్న 15 మందిలో ఐదుగురు చనిపోయారు. మరో ఇద్దరు కాలేయ మార్పిడితో బతికారు. జంతువులపై చేసిన పరీక్షల్లో ఆ ప్రమాదం బయటపడనే లేదు. హెచ్‌ఐవీకి అదే కోవకు చెందిన స్టావుడిన్ ఏళ్ల తరబడి వాడినవారికి ముఖంలో కొవ్వు కరిగి బుగ్గలు లోతుకు పోయేవి. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందును క్రమంగా మానుకోమంది.

ఇది చదివి ఎవరూ మందు ఆపకూడదు. ఇప్పుడు హెచ్‌ఐవీకి వాడుతున్న టెనోఫోవిర్, డోలుటెగ్రావిర్‌లతో మైటోకాండ్రియాకు ముప్పు చాలా తక్కువ. నేను కోరేది ఒక్కటే: మందు గురించి రాసినప్పుడల్లా అది మన కణాల్లో ఎక్కడ పనిచేస్తుందో, డాక్టరు రాసే రక్తపరీక్ష ఎందుకో రెండు వాక్యాలు చేర్చండి. చిన్నాన్న ఇప్పటికీ మీ ఆరోగ్య పేజీ కత్తిరించి దాచుకుంటారు.

– ఒక జీవశాస్త్ర అధ్యాపకురాలు