గుండె జబ్బు ఉన్నవారి సీబీసీ రిపోర్టు: ఆరోగ్య కమిటీ వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

హనుమకొండలోని మన కాలనీలో స్టెంటు వేయించుకున్నవారు, బైపాస్ అయినవారు, గుండె బలహీనపడి మందుల మీద ఉన్నవారు ఏటేటా పెరుగుతున్నందున, ఈ సంవత్సరం ఆరోగ్య కమిటీ తన సమయమంతా ఒకే విషయానికి కేటాయించింది. బీరువాలో మడిచిపెట్టి మరచిపోయే సీబీసీ (రక్తకణాల సంఖ్య, రకాలు చెప్పే మామూలు రక్తపరీక్ష) కాగితంలో గుండె రోగి మున్ముందు ఎలా ఉంటాడో చెప్పే సూచనలు ఉంటాయని సభ్యులకు వివరించడమే ఆ పని.

సమావేశాల్లో ఎక్కువ సేపు చర్చించింది తెల్ల రక్తకణాల గురించి. వాటి మొత్తం సంఖ్య మైక్రోలీటరుకు 4,000 నుంచి 11,000 మధ్య ఉంటే మామూలే అనుకుని చాలామంది అక్కడితో ఆగిపోతారు. అయితే అందులో న్యూట్రోఫిల్స్ ఎన్ని, లింఫోసైట్లు ఎన్ని అన్నది కూడా చూడాలి; ఇవి తెల్ల రక్తకణాల్లోని రెండు రకాలు. అమెరికాలోని యూటాలో యాంజియోగ్రామ్ చేయించుకున్న 3,227 మందిని పరిశీలించి 2005లో వెలువరించిన అధ్యయనంలో, న్యూట్రోఫిల్స్ ఎక్కువగా, లింఫోసైట్లు తక్కువగా ఉన్నవారిలో మరణం, గుండెపోటు ముప్పు అధికంగా కనిపించింది. మన సభ్యులు లెక్క నేర్చుకోవడానికి ఒక ఉదాహరణ తీసుకున్నాము: న్యూట్రోఫిల్స్ 60 శాతం, లింఫోసైట్లు 30 శాతం ఉంటే, మొదటిదాన్ని రెండోదానితో భాగించగా వచ్చే నిష్పత్తి 2, అవే 72, 18 అయితే నిష్పత్తి 4. రక్తనాళాల్లో వాపు రగులుతున్నప్పుడు మొదటివి పెరుగుతాయి, శరీరం ఒత్తిడికి లోనైనప్పుడు రెండోవి తగ్గుతాయి.

రిపోర్టులో చూడవలసిన రెండో అంకె ఆర్‌డీడబ్ల్యూ, అంటే ఎర్ర రక్తకణాల పరిమాణంలోని తేడాను చెప్పే కొలత. ఎర్ర రక్తకణాలు ఒకే పరిమాణంలో లేక చిన్నవీ పెద్దవీ కలిసి ఉన్నప్పుడు ఈ అంకె పెరుగుతుంది. గుండె వైఫల్యం ఉన్న 2,679 మందిలో 36 రకాల ప్రయోగశాల ఫలితాలను పోల్చి చూసిన 2007 నాటి పరిశోధనలో, మామూలు రక్తపరీక్షలన్నింటిలోకీ దీనికే మరణాలతో బలమైన సంబంధం కనిపించిందని తెలిసినప్పుడు కమిటీ సభ్యులమే ఆశ్చర్యపోయాము. ఇనుము లోపం, దీర్ఘకాలపు వాపు, మూత్రపిండాల బలహీనత వంటివి ఎముక మజ్జ పనిని దెబ్బతీయడం దీనికి కారణం కావచ్చని వైద్యుల ఆలోచన. హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తంలో పురుషులకు 13 గ్రాములకు, స్త్రీలకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతగా పరిగణిస్తారు. గుండె బలహీనంగా ఉన్నవారికి అది అదనపు భారం.

ఇక్కడ ఒక జాగ్రత్తను కమిటీ గట్టిగా చెప్పదలచింది. ఈ అంకెలు జాతకం కావు. జ్వరం, పంటి నొప్పి, స్టెరాయిడ్ మాత్రలు కూడా న్యూట్రోఫిల్స్‌ను పెంచుతాయి కాబట్టి, ఒక్క రిపోర్టు చూసి బెంగపడి మందులు మార్చుకోవడం గానీ, ఐరన్ మాత్రలు సొంతంగా మింగడం గానీ తగదు. ఇవి రోగుల సమూహాల్లో కనిపించిన సంబంధాలు; ఒక మనిషి విషయంలో వయస్సు, బీపీ, షుగర్, గుండె పంపింగ్ శక్తి వీటన్నింటితో కలిపి వైద్యుడే తేల్చాలి.

ఒక లోటు మాత్రం మిగిలింది. పాత రిపోర్టులు చాలామంది దగ్గర లేకపోవడంతో, గత సంవత్సరపు అంకెను ఈ ఏటి అంకెతో పోల్చి చూపడం కుదరలేదు. అందువల్ల గుండె జబ్బు ఉన్న ప్రతి సభ్యుడికీ ఒక ఫైలు ఇచ్చి, పరీక్ష తేదీ, హిమోగ్లోబిన్, ఆర్‌డీడబ్ల్యూ, న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు, ప్లేట్‌లెట్లు, ఆ రోజు జ్వరం గానీ జలుబు గానీ ఉన్నదా అనే వివరాలు వరుసగా రాయించాలని కమిటీ నిర్ణయించింది. ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లినా, ప్రైవేటు వైద్యుని దగ్గరకు వెళ్లినా ఆ ఫైలు వెంట తీసుకుపోవాలి. ఉగాది లోపు అందరికీ ఫైళ్లు అందుతాయి. పాత కాగితాలు ఉన్నవారు ఈలోగా వెతికి పెట్టుకోవలసిందిగా మనవి.