వేర్ల హార్మోన్ ఎక్కువైతే మొదటికే మోసం

ఎడిటర్ గారికి,

మీ ఆదివారం మొక్కల పేజీలో టిష్యూ కల్చర్ (చిన్న మొక్క ముక్కని సీసాలో పెట్టి కొత్త మొక్కలు పెంచడం) గురించి వేసింది బాగానే ఉంది గానీ, హార్మోన్ ఎంత ఎక్కువ వేస్తే అన్ని వేర్లు వస్తాయన్నట్టు రాయడం మాత్రం తప్పు. ఫిలోడెండ్రాన్, సింగోనియం లాంటి ఇంటి మొక్కలకి లీటరు మీడియంకి (సీసాలో పోసే పోషకాల మిశ్రమానికి) అర నుంచి ఒక మిల్లీగ్రాము ఐబీఏ (వేర్లు తెప్పించే ఆక్సిన్ రకం హార్మోన్) చాలాసార్లు సరిపోతుంది, కొన్నిటికైతే అదీ అక్కర్లేదు. మించితే అడుగున వేర్లకి బదులు కాలస్ (వేరూ చిగురూ కాని కణాల ముద్ద) కడుతుంది. ఆక్సిన్ పాళ్లు ఎక్కువుంటే వేర్లు, సైటోకైనిన్ అనే ఇంకో హార్మోన్ ఎక్కువుంటే చిగుళ్లు అని స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు 1957లోనే చూపించారు (పొగాకు మీద లెండి, మన గుంటూరుకి కొత్తేం కాదు), అందుకే పిలకల కోసం బీఏపీ (ఒక రకం సైటోకైనిన్) వేసిన సీసాలోనే ఉంచి వేర్ల కోసం ఎదురుచూస్తే లాభం లేదు. ఐబీఏ పొడి నీళ్లలో సరిగ్గా కరగదు, ముందు కాస్త ఆల్కహాల్‌లో కరిగించాలి, అది మీరు రాయనే లేదు.

అసలు టెన్షన్ సీసాలోంచి బయటికి తీశాకే. మొన్న విజయవాడలోనే ఒక నర్సరీలో కొన్న ఆంథూరియం వేర్లకి అగార్ (మీడియంని గట్టిపరిచే జెల్లీ) ఇంకా జిగటగా అంటుకునే ఉంది. అది కడక్కపోతే బూజు పడుతుంది. మన మే ఎండకి అలాంటి మొక్కని నేరుగా బాల్కనీలో పెడితే సాయంత్రానికి వాలిపోతుంది, మూత డబ్బాలో ఉంచి రోజూ కొంచెం కొంచెం తెరుస్తూ గాలికి అలవాటు చేయాలి. వచ్చే వారం దీని మీద రాయండి.

— ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ