కుడి లివరు మళ్ళీ పలికింది: మీకందరికీ దండాలు

అందరికీ నమస్కారం.

మొన్న ఆదివారం గండాహతి జలపాతం దాకా సైకిల్ మీద వెళ్ళి వచ్చాను. దారిలో గేర్లు ఎన్నిసార్లు మార్చానో లెక్క లేదు. అవసరపడి మార్చినవి కొన్నే. ఆ టిక్కు టిక్కు వినాలని మార్చినవే ఎక్కువ. సైకిల్ కుడి గేరు లివరు పాడై నెలన్నర ఆ చప్పుడు లేక బెంగ పెట్టుకున్నవాణ్ణి, ఆ మాత్రం చాదస్తానికి క్షమించాలి. దాన్ని మళ్ళీ పలికించడానికి సాయం చేసినవాళ్ళకి దండాలు పెట్టడానికే ఈ ఉత్తరం.

పర్లాకిమిడిలో నన్ను ఎరిగినవాళ్ళకి నా సైకిల్ కూడా తెలుసు. కోర్టు దగ్గర నా జిరాక్స్ షాపు ముందు గోడకి ఆనించి ఉంటుంది. వీధిలో పిల్లలు దాన్ని పొట్టేలు కొమ్ముల సైకిల్ అంటారు, హ్యాండిల్ అలా వంకర తిరిగి ఉంటుంది కదా. విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. గేర్ల సామాను షిమానో అనే జపాన్ కంపెనీది, టియాగ్రా అనే రకం, వెనక 9 గేర్లు. బ్రేకు లివరునే పక్కకి తోస్తే గొలుసు పెద్ద పళ్ళ చక్రం మీదికి ఎక్కుతుంది, దాని వెనకున్న చిన్న లివరు నొక్కితే కిందికి దిగుతుంది. బ్రేకూ గేరూ ఒకే చేతికింద ఉండే ఈ పద్ధతిని షిమానో 1990లో తెచ్చింది. అంతకు ముందు ఇలాంటి సైకిళ్ళలో చాలావాటికి గేరు మార్చాలంటే హ్యాండిల్ వదిలి, ఫ్రేము కమ్మీ మీదున్న చిన్న మీటని తిప్పాల్సిందే.

ధనుర్మాసంలో ఒక పొద్దున్న, బాగా చలిగా ఉంది. ఎత్తు ఎక్కుతూ కుడి లివరు తోశాను. టిక్కు లేదు. మళ్ళీ తోశాను. గాలిలో చెయ్యి ఊపినట్టు వెళ్ళింది, వచ్చింది. గొలుసు అన్నిటికన్నా చిన్న చక్రం మీద కూర్చుని లేవనంది. ఇంటికి ఎలా వచ్చానో నా మోకాళ్ళకే తెలియాలి.

పట్నంలో ఒక షాపుకి తీసుకెళ్ళాను. లివరు రెండుసార్లు ఆడించి, "ఇది పోయింది సార్, ఈ మోడల్ ఇప్పుడు రాదు, మొత్తం 11 గేర్ల సెట్టు వేయించుకోండి" అన్నారు. మొత్తం అంటే మొత్తమే. 11 గేర్ల లివరుకి, గొలుసుని ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి జరిపే వెనక డిరైలర్ మారాలి, పళ్ళ చక్రాల క్యాసెట్ మారాలి, గొలుసు మారాలి. ఆ క్యాసెట్ పట్టడానికి చక్రం మధ్య భాగం 1.85 మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పు ఉండాలి కాబట్టి వెనక చక్రం కూడా మారాలి. ముప్పై వేలు దాటింది అంచనా. చెవి పోగు పోయిందని పెళ్ళి మళ్ళీ చేసుకోమన్నట్టుంది.

సరే, పాత లివరే ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతికి, ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర కొన్నాను. పార్సిల్ విప్పితే ఎడమ చేతిది వచ్చింది, ముందు గేర్లది. ఫోన్ చేస్తే "ఫొటోలో అదే ఉంది కదా" అన్నారు. నిజమే, ఉంది. నేనే చూసుకోలేదు. అయినా "కుడిదేనా" అని రెండుసార్లు అడిగాను కదా, దానికి అవుననే అన్నారు కదా. పోనీలెండి.

ఇక అసలు దండాల సంగతి.

మొదటి దండం పాతపట్నం మాస్టారికి. మా ఊరు ఒడిశాలో ఉంది, ఊరు దాటితే ఆంధ్రలోని పాతపట్నమే, రాష్ట్రమే వేరు. మాస్టారి నాన్నగారు చిన్న రైలులో ఫిట్టరు. 1900లో నౌపడా నుంచి మా ఊరికి వేసిన లైను అది, రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళు ఇనుప ముక్కని పారేస్తే పాపం అనుకుంటారు. ఫోన్‌లో నా ఏడుపు అంతా విని, "లివరు చావలేదు నాయనా, గడ్డకట్టింది. ముందు ఎడా పెడా డబ్బు తగలెయ్యడం ఆపు" అన్నారు.

మాస్టారు చెప్పింది ఇదీ. లోపల పళ్ళ చక్రం ఒకటి ఉంటుంది. దాని పంటిని పట్టుకునే కొక్కెం ఒకటి, ఆ కొక్కేన్ని పంటి మీదికి నెట్టే సన్నటి స్ప్రింగు ఒకటి. ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజు ఏళ్ళు గడిచేసరికి బంకలా ముదురుతుంది. స్ప్రింగుకి అంత బంకని తోసే సత్తువ ఉండదు. కొక్కెం పంటిని అందుకోదు, మనకి టిక్కు వినపడదు. చలిలో ఆ బంక ఇంకా బిగుస్తుంది. నా లివరు ఆ పొద్దున్నే ఎందుకు మొండికేసిందో అప్పుడు అర్థమైంది.

మందు: కిరసనాయిలు. మా నానమ్మ దీపానికని దాచుకున్న సీసా బతిమాలి తీసుకున్నాను. రబ్బరు తొడుగు వెనక్కి మడిచి, గేరు కేబుల్ వదులు చేసి, సన్నటి సిరంజితో లోపలికి కొట్టడం, రెండు లివర్లూ ఆడించడం, మళ్ళీ కొట్టడం. కింద పెట్టిన స్టీలు గిన్నెలోకి మొదట ఏమీ రాలేదు. పావుగంటకి టీ డికాక్షన్ రంగులో చుక్కలు పడ్డాయి, ఆ తర్వాత నల్లగా, ఇసుకతో. సుమారు రెండు వందల సార్లు ఆడించాక, ఒక్కసారి, టిక్కు! నేను అరిచిన అరుపుకి మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. (గిన్నె చూశాక జరిగిన సంభాషణ ఇక్కడ రాయను.)

అయితే కథ అయిపోలేదు. నాలుగో గేరు దాకా బాగుంది, అక్కడ ఒక్కోసారి జారిపోతోంది. ఇక్కడ రెండో దండం, రాయగడ చెల్లికి. ఆమె ఇంజినీరు, నాకన్నా బాగా తొక్కుతుంది కూడా. షిమానోవాళ్ళు ప్రతి లివరుకీ భాగాలు విడదీసి చూపే బొమ్మ ఇస్తారని, అది వెతికి పంపింది. నా షాపులో పెద్ద కాగితం మీద ప్రింటు తీసి గోడకి అంటించుకున్నాను. లివరు లోపలి వైపు చూడన్నయ్యా, రెండు అక్షరాలు ఉంటాయంది. టార్చి వేసి చూస్తే హెచ్, సి అని ఉన్నాయి. మొదటిది సంవత్సరం, రెండోది నెల. అంటే 2009 మార్చిలో తయారైంది. నా రెండోవాడి కన్నా పెద్దది.

బొమ్మ పంపి ఊరుకోలేదు. "లోపలి ముక్కలు విడిగా అమ్మరు, అందుకని విప్పి పరచుకోకు. ముందు కేబుల్ తీసి చూడు" అంది. తీయడానికి ఒక పద్ధతి ఉంది. చిన్న లివరు నొక్కుకుంటూ చిట్టచివరి గేరుకి తేవాలి, బ్రేకు లివరు లాగి పట్టుకోవాలి, అప్పుడు కేబుల్ చివరనున్న గుండు, లివరు పక్కనున్న కన్నంలో కనపడుతుంది. మధ్య గేరులో ఉండగా ఎంత లాగినా రాదు. నా కేబుల్ గుండు దగ్గర మూడు పోగులు తెగి ఉన్నాయి. రెండు కేబుల్‌తో బయటికి వచ్చాయి. మూడోది లోపలే ఉండిపోయింది.

మూడో దండం రాజవీధి దగ్గర వాచీలు బాగుచేసే తాతగారికి. ఆయన కన్ను మీద భూతద్దం, ముందు బల్ల మీద గుండీ అంతటి చక్రాలు. నేను హ్యాండిల్ ఊడదీసి, టేపు వేలాడుతుండగా అలాగే చంకలో పెట్టుకుని వెళ్ళాను. "ఏటి బాబూ ఇది, పొట్టేలు తల తెచ్చినావేటి?" అన్నారు. కన్నంలోకి చూసి, ఒక్క నిమిషం మాట్లాడలేదు. ఆ తర్వాత తన బల్ల మీది పాత వాచీ వెనక మూత తీసి నాకు చూపించారు. కీ ఇచ్చినప్పుడు స్ప్రింగు వెనక్కి తిరిగిపోకుండా పట్టుకునే కొక్కెం, పళ్ళ చక్రం. "ఇదీ అదీ ఒకటే. మీది లావుపాటిది, అంతే" అన్నారు. నేను ఇన్నేళ్ళు తొక్కుతూ చేతికింద గడియారం పెట్టుకు తిరుగుతున్నానని అప్పుడే తెలిసింది.

పట్కారు లోపలికి పెట్టి, ఊపిరి బిగబట్టి, మూడుసార్లు వదిలేసి, నాలుగోసారి లాగారు. బియ్యపు గింజ కన్నా చిన్న తీగ ముక్క. అరచేతిలో పెడితే కనపడలేదు, తెల్ల కాగితం మీద పెట్టి చూపించారు. డబ్బులివ్వబోతే, "మీ షాపులో నా ఆధార్ కార్డు ఎన్నిసార్లు జిరాక్సు తీసినావు?" అని తోసేశారు. తన వాచీ నూనె రెండు చుక్కలు కూడా వేశారు. మాస్టారు గ్రీజు వద్దన్నారు కాబట్టి ఆ పలచటి నూనెతోనే నడుస్తోంది.

కొత్త కేబుల్ వేశాను. ఇకనించీ ఏడాదికోసారి, పోగు తెగిందా లేదా అని చూడకుండానే మార్చేస్తాను. పాతది ఎంత బాగున్నా సరే.

నాలుగో దండం విశాఖలో ఒక తమ్ముడికి. నేను ముఖం కూడా చూడలేదు. సంగతి విని తన సొరుగులో పడి ఉన్న 9 గేర్ల కుడి లివరు పంపాడు, షిమానోదే, 105 అనే ఇంకో రకం. "టియాగ్రాకి 105 పనికొస్తుందా?" అని అనుమానపడ్డాను. షిమానో 9 గేర్ల క్యాసెట్‌లో చక్రానికీ చక్రానికీ దూరం 4.34 మిల్లీమీటర్లే, ఏ పేరున్నా సరే, 8 గేర్లకైతే 4.8, 10 గేర్లకైతే 3.95, అందుకని లివరు మీద పేరు కాదు, టిక్కుల సంఖ్య చూసుకోవాలి అని ఓపిగ్గా చెప్పాడు. ఆర్టీసీ పార్సిల్‌లో పాతపట్నం కాంప్లెక్సుకి వచ్చింది. మాస్టారే వెళ్ళి తెచ్చి పెట్టారు. తమ్ముడు పెట్టిన షరతు ఒక్కటే: నాకు అవసరం పడకపోతే అవసరం పడినవాళ్ళకి ఇచ్చెయ్యాలి, అమ్మకూడదు. అలాగే. ప్రస్తుతం బీరువాలో పంచెల మధ్య భద్రంగా ఉంది.

ఇంకొకరు మిగిలారు. మా వీధి చివర కొమ్ము బొమ్మలు చెక్కే అన్నయ్య. హ్యాండిల్ చివర ప్లాస్టిక్ మూత పగిలిందని చూసి, గేదె కొమ్ముతో రెండు బిరడాలు చెక్కి, నున్నగా మెరుగుపెట్టి ఇచ్చాడు. పిల్లలు పెట్టిన పేరు ఇప్పుడు నిజమైంది, కొమ్ముల సైకిలే.

లివరు, డిరైలరు అన్న మాటలకి తెలుగు ఎందుకు రాయలేదని అడిగేవాళ్ళకి ఒక మాట: గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు మాది. నలుగురూ ఏమంటే అదే రాస్తాం.

ఆఖరికి, ఆ పొరపాటున వచ్చిన ఎడమ లివరు నా దగ్గరే ఉంది. టియాగ్రా, ముందు రెండు చక్రాలకి. కిరసనాయిలుతో కడిగాను, టిక్కు బాగా పలుకుతోంది. రబ్బరు తొడుగు కాస్త జిగురుగా ఉంది, ఆ మాట ముందే చెబుతున్నాను. కావలసినవాళ్ళు షాపుకి రండి, ఊరికే ఇస్తాను. ఫొటో కూడా చూసుకోండి, అది ఎడమ చేతిదే.