మా అబ్బాయి అబద్ధం చెప్పలేదు

సంపాదకులకు నమస్కారం.

దెయ్యాలు ఉన్నాయా, లేవా అని మీ ఉత్తరాల పేజీలో సాగుతున్న వాదం చదువుతున్నాను. రెండు పక్షాలవారూ ఒకరినొకరు ఓడించాలని చూస్తున్నారే కాని, భయపడిన మనిషిని ఎవరూ పట్టించుకోలేదు.

మా అబ్బాయిది బెంగళూరు మారతహళ్ళిలో కాల్‌సెంటర్ ఉద్యోగం, రాత్రి షిఫ్టు. పోయిన ఆషాఢంలో ఒకరోజు, తెల్లవారి పడుకున్నవాడు మధ్యాహ్నం ఒళ్ళంతా చెమటతో లేచి వచ్చాడు. తలుపు దగ్గర ఒక ముసలామె నిలబడిందట, వచ్చి గుండెల మీద కూర్చుందట. వంటింట్లో నేను పోపు వేస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉందట. 'అమ్మా' అని పిలవబోతే నోరు పెగలలేదట. ఆ నెలలో అయిదుసార్లు ఇలాగే అయింది. వాళ్ళ నాన్నగారు అదంతా ఉత్తదేనని కసురుకున్నారు. మా ఆడపడుచు ఒక భూతవైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళింది. అతను వేపమండలతో కొట్టి, ఏడు వేలు పుచ్చుకుని, మూడు రోజులు కన్ను మూయకూడదన్నాడు. నాలుగో రోజు ముసలామె రెండుసార్లు వచ్చింది.

అప్పుడు మనసుకూ, మెదడుకూ వైద్యం చేసే ఇక్కడి నిమ్‌హాన్స్ ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ నవ్వలేదు, కసరలేదు. ముసలామె ఏ వైపు నుంచి వచ్చిందో కూడా అడిగి రాసుకున్నారు. కలలు వచ్చే నిద్రలో, కలలో పరుగెత్తినా కాళ్ళు కదలకుండా శరీరం కండరాలను పట్టి ఉంచుతుందట. ఒక్కోసారి మెలకువ వచ్చినా ఆ పట్టు వెంటనే విడవదు. కొన్ని క్షణాలో, ఒకటి రెండు నిమిషాలో ఉంటుంది. కల కూడా కళ్ళముందే మిగిలిపోతుంది. నిద్ర చాలనివారికి, షిఫ్టులు మారేవారికి, వెల్లకిలా పడుకునేవారికి ఇది ఎక్కువట. జపానువారు దీన్ని కనాషిబారి అంటారు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో కూడా గుండెల మీద కూర్చునేది ముసలిదే! అంటే నిద్ర మానమన్న ఆ మనిషి జబ్బుకు మేత వేశాడు. దెయ్యం వదిలిస్తామని కొట్టడం కర్ణాటకలో 2017 నాటి చట్టం ప్రకారం నేరమని కూడా మాకు తరవాతే తెలిసింది.

భయపడేవారిని నేను చిన్నచూపు చూడను. తొంభైలలో ఈ ఊళ్ళో దెయ్యం రాకుండా తలుపుల మీద 'నాళె బా' (కన్నడంలో 'రేపు రా') అని రాసినప్పుడు, మదనపల్లె నుంచి కొత్తగా వచ్చిన నేను కూడా సుద్దముక్కతో రాశాను. మన వైపు గోడల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు కదా, అదే భయం.

పిల్లలు ఇలాంటిది చెబితే, దయచేసి ముందు ఎన్ని గంటలు నిద్రపోయారో అడగండి. మొన్న ఆదివారం ముసలామె మళ్ళీ వచ్చింది. డాక్టరమ్మ చెప్పినట్టు వాడు వేలి కొన కదిపి బయటపడ్డాడు. వంటింట్లోకి వచ్చి, "అమ్మా, ఆమె వచ్చి వెళ్ళింది" అని, అన్నం పెట్టమన్నాడు.

— ఒక తల్లి, బెంగళూరు