నా ఇంటర్ మార్కుల వెనకున్నవాళ్ళకి

ఇంటర్ సెకండియర్ రిజల్ట్స్ వచ్చాయి. ఎంపీసీలో 1000కి 938. స్టేటస్‌లో "థాంక్యూ ఆల్" అని పెట్టి ఊరుకుంటే నాకే బాగుండదు. ఎవరు ఏం చేశారో విడిగా చెప్పాలనుంది. పేర్లు మాత్రం రాయొద్దని వాళ్ళలో ఇద్దరు గట్టిగా చెప్పారు, అందుకే ఎవరి పేరూ రాయట్లేదు.

ముందు మా గవర్నమెంట్ కాలేజీ ఫిజిక్స్ సార్. ఫస్టియర్ ఫిజిక్స్‌లో నాకు 60కి 34 వచ్చాయి. 21 వస్తే పాస్ కాబట్టి ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. సారే పిలిచి, "ఇంప్రూవ్‌మెంట్ రాయి. పెరిగితే పెరిగినవి తీసుకుంటారు, తగ్గితే పాతవే ఉంటాయి. నీకు పోయేదేముంది?" అన్నారు. ఫెయిలైనవాళ్ళతో కలిసి ఎండల్లో పరీక్ష రాయడమంటే నాకు నామోషీగా ఉండేది. సార్ ఆ సంగతి కనిపెట్టారనే అనుకుంటా, కానీ ఆ మాటే ఎత్తలేదు. ఫీజు కట్టే ఆఖరి తేదీ చెప్పి పంపించారు.

సార్ స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్తుంటారు. పేపర్ దిద్దేవాళ్ళు ఎక్కడ చూస్తారో, ఎక్కడ మార్కు కోస్తారో ఆయనకి బాగా తెలుసు. నేను రాసిన జవాబులు సాయంత్రం కాలేజీ అయ్యాక కూర్చుని ఒక్కో లైనూ దిద్దేవారు. వీట్‌స్టన్ బ్రిడ్జి రాసి తీసుకెళ్తే ముందు బొమ్మే చూసేవారు. కరెంటు దిశ చూపించే బాణాలు లేకపోతే మిగతాది చదవకుండానే తిరిగిచ్చేసేవారు. "కిర్కాఫ్ నియమం రాశావు, బాగుంది. ఈ మైనస్ ఎక్కణ్ణుంచి వచ్చిందో దిద్దేవాడికి ఎలా తెలియాలి?" అనేవారు. ఆ తర్వాత బొమ్మ లేకుండా డెరివేషన్ మొదలుపెట్టాలంటే నాకు చెయ్యి ఆడేది కాదు.

ఇంకో మాట కూడా ఆయన చెప్పిందే. సెకండియర్‌లో 8 మార్కుల ప్రశ్నలంటే అందరూ వేవ్స్, కరెంట్ ఎలక్ట్రిసిటీ, న్యూక్లియై చాప్టర్లే పట్టుకుంటారు. మూడిట్లో రెండు రాస్తే చాలు, 16 మార్కులు. అది తప్పని ఆయన అనలేదు. కానీ 2 మార్కుల ప్రశ్నలు పదికి పదీ రాయాలి, అక్కడ ఛాయిస్ లేదు, అవి 20 మార్కులు. "16 కోసం రాత్రుళ్ళు మేలుకుంటారు, 20 మాత్రం చివరి రోజు చూద్దామంటారు" అని నవ్వేవారు. ప్రతి చాప్టర్ అయిపోగానే ముందు చిన్న ప్రశ్నలే రాయించడం వల్ల నాకు పరీక్ష హాల్లో టెన్షన్ సగం తగ్గింది. మొదటి అరగంటలోనే ఆ సెక్షన్ అయిపోయేది మరి.

మా వీధిలో ఉండే అక్క డిగ్రీ మ్యాథ్స్ చదువుతోంది. సెకండియర్ మ్యాథ్స్‌లో 2ఎ, 2బి అని రెండు పేపర్లు. 2బిలో ఇంటిగ్రేషన్ నాకు అసలు ఎక్కలేదు. లెక్క చేసి చూపిస్తే అర్థమైనట్టే ఉండేది, ఒంటరిగా కూర్చుంటే ఏ సబ్‌స్టిట్యూషన్ వేయాలో తోచేది కాదు. అక్క లెక్కలు చేయించడం మానేసి, పుస్తకంలోని లెక్కలన్నీ చూసి ఒక్కోదానికి మొదటి స్టెప్ మాత్రమే చెప్పమంది. ఎందుకు అదే వేశావో కూడా చెప్పాలి. ఇలా చెప్పే మాస్టారు ఎక్కడైనా ఉన్నారేమో గానీ నాకైతే ఎవరూ తగల్లేదు. తన పరీక్షలు కూడా దగ్గర పడుతున్నా ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అక్కా, నీకు మాటల్లో చెప్పలేను.

కార్పొరేట్ కాలేజీలో చదివే నా ఫ్రెండ్ వాళ్ళ వీకెండ్ టెస్ట్ పేపర్లు ప్రతిసారీ ఫోటో తీసి పంపేవాడు. ఇంజినీరింగ్ ఎంట్రన్స్ తెలంగాణ ఎప్‌సెట్ ర్యాంకులో ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేశారు కదా, బోర్డు పరీక్ష పాసైతే చాలు అని నేనంటే ఒప్పుకునేవాడు కాదు. జేఈఈలో ర్యాంకు వచ్చినా ఎన్‌ఐటీలో చేరాలంటే మామూలుగా ఇంటర్‌లో 75 శాతం అడుగుతారని గుర్తుచేస్తూ ఉండేవాడు. ఒరేయ్, నీ రిజల్ట్ నాకంటే బాగా వచ్చినందుకు ఏడవట్లేదు, నిజం!

శాఖా గ్రంథాలయం మేడమ్‌కి కూడా చాలా థాంక్స్. మూసే టైమ్ అయినా "ఆ లెక్క అయ్యాక లేమ్మా" అని కిటికీలు ఒక్కొక్కటిగా వేస్తూ ఉండేవారు. తెలుగు మేడమ్‌కి కూడా. సంస్కృతం తీసుకుంటే మార్కులు ఊరికే పడేవి కదా అని నాకు సలహా ఇచ్చినవాళ్ళందరికీ చెబుతున్నా: తెలుగులో నాకు తక్కువేమీ రాలేదు, పైగా మేడమ్ క్లాసు కోసమే కాలేజీకి వెళ్ళిన రోజులున్నాయి.

అమ్మానాన్నల గురించి ఇక్కడ రాస్తే వాళ్ళు మొహమాటపడతారు. వాళ్ళకి ఇంట్లోనే చెప్పాను.

ఈసారి సెకండియర్‌కి వస్తున్న ఎంపీసీ తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట. నా 2ఎ, 2బి నోట్సు, సార్ దిద్దిన ఫిజిక్స్ పేపర్లు జిరాక్స్ తీయించి లైబ్రరీ మేడమ్ దగ్గర ఇచ్చాను. కావాల్సినవాళ్ళు అడిగి తీసుకోండి. సార్ ఎర్ర పెన్నుతో రాసిన తిట్లు కూడా అలాగే ఉంచాను, వాటిని దాటేయకుండా చదవండి.